పంక్తి లేవని భోజనం

మా గురువు కూర్మయ్యగారిని ఎవరేం అడిగినా ముందు ఆయన నోటి వెంట వచ్చే మాట ఒకటే: "చూద్దాం." ఆ చూద్దాంతో వేగలేక చచ్చేవాళ్ళం. ఆత్మ అంటే ఏమిటండీ? చూద్దాం. కోపం ఎలా పోతుందండీ? చూద్దాం. ఆ తర్వాతెప్పుడో, అడిగినవాడు అడిగిన సంగతే మరిచిపోయాక, తోటలో ఏదో ఒకటి జరిగేది. జరిగినదే నీకు జవాబు అని ఆయన చెప్పేవారు కూడా కాదు. మనమే కిందామీదా పడి తెలుసుకోవాలి. అడిగిన పూటే నాలుగు ముక్కలు చెప్పేస్తే ఆయన సొమ్మేం పోయేదో నాకు ఇప్పటికీ తెలియదు. విద్యాధరరావు అడిగిన ప్రశ్నకు కూడా జవాబు అలాగే వచ్చింది. అది వచ్చేలోపల విస్తరి ముందు కూర్చుని నేనెన్ని పూటలు పళ్ళు నూరుకున్నానో ఆ పైవాడికే తెలుసు.

గురువుగారి ఆశ్రమం పలాస దాటాక సముద్రం వైపు ఒక జీడితోటలో ఉండేది. ఆశ్రమం అనగానే గోపురాలూ పాలరాతి మెట్లూ ఊహించుకోకండి. ఒక పెంకుటిల్లు, దానికి పొడుగాటి వసారా, మేం పడుకోవడానికి తాటాకు పాకలు, ఒక నుయ్యి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు దాన్ని తోట అనే అనేవారు, మాకూ అదే అలవాటైంది. ఉపనిషత్తులు చదువుకోవడానికి వచ్చినవాళ్ళం ఎప్పుడూ ఓ పదిమందిమి ఉండేవాళ్ళం. నేను బళ్ళో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి గురువుగారితో సహా అందరూ నన్ను మాస్టారూ అనేవారు. మనశ్శాంతి కోసం వచ్చానని అందరికీ చెప్పుకునేవాణ్ణి. ఎంత శాంతి దొరికిందో మీరే చూద్దురుగాని.

తోటలో పొద్దున్నే చోడి అంబలి, అంటే రాగిజావ, రాత్రికి పళ్ళో అటుకులో ఎవరికి తోచినది వాళ్ళు తినేవాళ్ళం. మధ్యాహ్నం మాత్రం పంక్తి భోజనం. గంట కొట్టగానే వసారాలో అడ్డాకు విస్తళ్ళు వేసుకుని వరసగా కూర్చోవాలి. గురువుగారు మొదటి ముద్ద తీసుకున్నాక అందరూ మొదలుపెట్టాలి. ఆఖరివాడి భోజనం అయ్యేదాకా ఎవరూ కదలకూడదు. మధ్యలో ఒక్కడు లేచినా పంక్తి మొత్తం లేచినట్టే, ఇక మిగిలినవాళ్ళ విస్తట్లో అమృతం ఉన్నా మళ్ళీ చెయ్యి పెట్టకూడదు. మా తాతల నాటి ఇళ్ళల్లో ఉన్న ఆచారమే అది. కలిసి కూర్చున్నవాళ్ళు కలిసి లేవడం మర్యాద అని గురువుగారు దాన్ని వదల్లేదు. విద్యాధరరావు రానంతకాలం దానివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

విద్యాధరరావు విశాఖపట్నంలో ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో పెద్ద ఉద్యోగి. ఏళ్ళ తరబడి కంప్యూటరు ముందు కూర్చుని, చెవికి ఫోను ఆనించుకుని, ఏం తింటున్నాడో చూడకుండా తిన్నాడట. ఒక్కోసారి డబ్బా ఖాళీ అయ్యాక తను తిన్నాడా లేదా అని పక్కసీటువాణ్ణి అడిగేవాడట. చివరికి కడుపులో పుండు పడింది. రక్తం కక్కుకుని ఆసుపత్రి పాలయ్యాడు. నిద్ర దూరమైంది. ఇంట్లో పెళ్ళాం మీదా పిల్లల మీదా అరవని రోజు లేదు. సెలవు పెట్టి మా తోటకు వచ్చేసరికి మనిషి ఎముకల గూడు, చూస్తే పాపం అనిపించింది. వచ్చిన సాయంత్రమే గురువుగారి ముందు కూర్చుని, ఒంటినీ మనసునీ రెంటినీ నిలబెట్టే నిత్యనియమం ఒక్కటంటే ఒక్కటి చెప్పండి, ప్రాణం పెట్టి పాటిస్తాను అని అడిగాడు. గురువుగారు ఏమన్నారో వేరే చెప్పక్కర్లేదు కదా.

ఆయన చూసేదాకా ఆగే ఓపిక విద్యాధరరావుకు లేదు. తన నియమాలు తనే పెట్టుకున్నాడు. తెల్లారగట్ల గొంతుకూర్చుని వేణ్ణీళ్ళు గుటకగుటకగా తాగడం, లేతెండలో కాసేపు కదలకుండా నిలబడడం, తిన్నాక ఎడమవైపు తిరిగి పడుకోవడం. ఇవన్నీ ఆయన ఇష్టం, మాకేం పోయింది. అన్నిటిలోకీ పెద్దది మాత్రం భోజనం. ఉసిరికాయంత ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. అది పాలైపోయేదాకా నమిలేవాడు. మింగాక, మింగింది కడుపులోకి దిగిందని తనకు తెలిసేదాకా ఆగేవాడు. అప్పుడు తీరుబడిగా కళ్ళు తెరిచి తర్వాతి ఉసిరికాయ కలుపుకునేవాడు. పప్పన్నం అలాగే, కూరన్నం అలాగే, పులుసన్నం అలాగే. ఇక మజ్జిగన్నానికి వచ్చేసరికి జీడిచెట్ల నీడలు తూర్పుకు తిరిగేవి.

అబద్ధం ఎందుకాడాలి, ఆ పద్ధతి ఆయనకు పనిచేసింది. పుండు మానింది. నిద్ర పట్టింది. లోతుకు పోయిన చెంపలు నిండాయి. ఇంటికి ఫోను చేసి భార్యతో నవ్వుతూ మాట్లాడుతుంటే విని మేమందరం సంతోషించాం. నేనూ సంతోషించాను. కాని ఆ సంతోషం మర్నాడు గంట కొట్టేదాకానే ఉండేది. గంట కొట్టాక మళ్ళీ ఆ కళ్ళు మూసుకున్న మొహాన్ని చూస్తూ, తినడం ఎప్పుడో అయిపోయి, ఎంగిలి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. తిన్న చెయ్యి ఎండితే ఇంటికి దరిద్రం అని మా అమ్మ మమ్మల్ని కేకలేసేది. ఇక్కడ రోజూ పదిమంది చేతులు ఎండుతున్నాయి. వేళ్ళ సందుల్లో పప్పు అట్టలు కట్టేది, ఈగలు ముసిరేవి, నా మోకాళ్ళు పీకేవి. గురువుగారు మాత్రం చెట్ల మీది పిట్టల్ని చూస్తూ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేవారు. ఒకరోజు ఉండబట్టలేక విద్యాధరరావుతో, కాస్త త్వరగా కానివ్వకూడదా అన్నాను. ఆయన ఎంతో శాంతంగా నవ్వి, ఆ సమయంలో మీరు మీ ఊపిరిని గమనించుకోవచ్చు కదా మాస్టారూ అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

అయినా మా చేతులు ఎండితే ఎండాయి, ప్రాణం పోదు. అసలు బాధ నరసమ్మది. నరసమ్మ మాకు వండిపెట్టేది. చుట్టుపక్కల ఊళ్ళల్లో పెళ్ళిళ్ళకూ దినాలకూ వండి వండి, వయసు మళ్ళాక తోటకు వచ్చి చేరింది. చేతివంట ఎంత మంచిదో నోరు అంత దురుసు. ఆవిడకో పట్టుదల ఉంది: పంక్తి లేచేదాకా మెతుకు ముట్టదు. వడ్డించే చెయ్యి ముందు తింటే ఆ పూట వంట చాలదని ఆవిడ నమ్మకం. పెళ్ళిళ్ళలో వందలమంది లేచేదాకా ఆగాను, మీ పదిమందికీ ఆగలేనా అనేది. ఆగగలదు, ఎవరు కాదన్నారు? కాని అప్పుడు ఆవిడకు షుగరు లేదు. ఇప్పుడు ఉంది. భోజనానికి ముందు మాత్ర వేసుకోమని డాక్టరు చెప్పాడు. ఆవిడ లెక్కలో భోజనం అంటే గంట కొట్టడం. గంట కొట్టగానే మాత్ర మింగి వడ్డనకు వచ్చేది. ఆ మాత్ర వేసుకున్నాక వెంటనే కడుపులో అన్నం పడకపోతే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మనిషి పడిపోతుంది. ఒక్కోసారి అంతకంటే ఎక్కువే అవుతుంది. మా అత్తగారికి షుగరు ఉండేది, ఆ వణుకు నాకు బాగా తెలుసు. పులుసు గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిన నరసమ్మ చేతిలో దాన్ని చూసినప్పుడల్లా నా గుండె జారిపోయేది.

చెప్పకుండా ఊరుకున్నామనుకునేరు. గురువుగారే ఆవిడతో ముందు తినమని చెప్పారు, వినలేదు. పోనీ మాత్ర తర్వాత వేసుకోమని నేను చెప్పాను. డాక్టరుబాబు చెప్పింది చేస్తానా, తెలుగు మాస్టారు చెప్పింది చేస్తానా అంది. విద్యాధరరావుతో చెప్పాను. ఆయన ఎంతో సానుభూతిగా విని, ఆవిడ ముందు తినేస్తే సరిపోతుంది కదండీ అన్నాడు. ఆ మాటలో తప్పేముంది? ఏమీ లేదు. ఒక్కరి మాటలోనూ తప్పు లేదు. ఆయన కడుపు ఆయనకు ముఖ్యం, ఆవిడ పట్టుదల ఆవిడకు ముఖ్యం, పంక్తి ఆచారం అందరికీ ముఖ్యం. తప్పు ఎక్కడుందో తెలిస్తే దాని మీద అరుద్దామంటే అది దొరకదు. ఈ మొండి ఘటాల మధ్య కూర్చుని నేను రోజూ వేదాంతం చదువుకున్నాను.

చివరికి అనుకున్నంతా అయింది. ఆ రోజు ములక్కాడ పులుసు. ములక్కాడలంటే మామూలుగా తినేవాడికే ఆలస్యం, ఇక విద్యాధరరావు సంగతి చెప్పాలా. ఒక్కొక్క ముక్కనూ చీల్చి, గుజ్జు గీరి, కళ్ళు మూసి నమిలి, పిప్పి కూడా రసం పోయేదాకా వదల్లేదు. మేం ఎప్పుడు లేచామో నాకే గుర్తులేదు. చెయ్యి కడుక్కుని వస్తుంటే వంటింట్లో గిన్నె దొర్లిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే నరసమ్మ గోడకు జారగిలబడి ఉంది. రవిక చెమటతో తడిసిపోయింది. మాట ముద్దగా వస్తోంది, నన్ను చూసి ఇంకెవరి పేరో పెట్టి పిలిచింది. బెల్లం నీళ్ళు కలిపి పట్టించాం. కాసేపటికి తేరుకుని, ఇంతమంది వంటింట్లోకి ఎందుకొచ్చారని మమ్మల్నే తిట్టింది. ఇంత జరుగుతుంటే విద్యాధరరావు ఎక్కడున్నాడు? తన పాకలో ఎడమవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. లేచాక చెబితే నిజంగానే బాధపడ్డాడు. పాపం, ఆవిడకు నేను ప్రాణాయామం నేర్పిస్తాను అన్నాడు.

నేను గురువుగారి దగ్గరికి వెళ్ళి గట్టిగానే మాట్లాడాను. ఇవాళ బెల్లం నీళ్ళతో లేచింది, రేపు లేవకపోతే ఎవరిది పాపం అన్నాను. ఆ మనిషికి ఒక్క మాట చెప్పండి, దయచేసి చూద్దాం అని మాత్రం అనకండి అన్నాను. ఏమని చెప్పమంటారు మాస్టారూ, నిదానంగా తినడం తప్పని చెప్పనా, వాడికి మానిన పుండు మళ్ళీ రేపనా అని అడిగారు. పోనీ నరసమ్మకు నీ నమ్మకం వట్టిదని చెప్పనా, ఆ నమ్మకంతోనే కదా ఆవిడ జీవితమంతా ఒకరికి వండిపెట్టింది అన్నారు. జవాబు లేనప్పుడు వచ్చే కోపం మామూలు కోపం కంటే ఎక్కువ. అందుకని విసవిసా నడిచి వచ్చేశాను.

మర్నాడు గంట కొట్టాక గురువుగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి, కూర, పప్పు ఒకేసారి వడ్డించి, పులుసూ మజ్జిగా దొన్నెల్లో పోసి పెట్టెయ్యమని నరసమ్మకు చెప్పారు. వడ్డన అయ్యాక తనే ఒక విస్తరి తెచ్చి, వసారాలో మా వరసకు ఎదురుగా, సరిగ్గా విద్యాధరరావు ముందు వేశారు. తన చేత్తోనే అందులో అన్నం పెట్టి, వచ్చి కూర్చోమని ఆవిణ్ణి పిలిచారు. ఆవిడ కస్సుమంది, పంక్తి లేవకుండా నేను తినను, ముందే చెబుతున్నాను అంది. తినమనలేదు నరసమ్మా, కూర్చోమన్నాను అన్నారాయన. గురువుగారి మాట తీసెయ్యలేక ఆవిడ మూతి ముడుచుకుని విస్తరి ముందు కూర్చుంది. మాత్ర అప్పటికే మింగేసిందని నాకు తెలుసు. నేను బెల్లం ముక్క ఒకటి పంచె కొసన ముడేసుకుని, ఏం జరిగినా లేచి పరుగెత్తడానికి సిద్ధంగా కూర్చున్నాను. ఈ గురువులకు ప్రాణాలతో ఏం చెలగాటమో అని తిట్టుకుంటూనే ఉన్నాను.

అందరం మొదలుపెట్టాం. విద్యాధరరావు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నాడు. గురువుగారు తల తిప్పకుండానే అన్నారు:

"నాయనా, ఇవాళ కళ్ళు తెరిచి తిను."

ఆయన కళ్ళు తెరిచాడు. ఎదురుగా నరసమ్మ. ఆవిడ ఆయన వంక చూడడం లేదు, అలాగని సాధింపుగా కూడా కూర్చోలేదు. ఎక్కడ చూడాలో తెలియక తన విస్తట్లో అన్నం మీదే చూపు పెట్టుకుంది. వేడన్నం మీద నెయ్యి కరుగుతోంది. ఆవిడ గుటక మింగడం నాకే కనబడింది. విద్యాధరరావు ఆ ముద్ద నమిలి మింగాడు. రెండో ముద్ద కూడా అలాగే తిన్నాడు. మూడోది నోట్లో ఉండగా, ఆవిడ పైట చెంగుతో నుదురు తుడుచుకుంది. ఆ చెయ్యి వణికింది. నేను బెల్లం ముడి విప్పుకున్నాను. ఆయన నమలడం ఆపి ఆ చేతినే చూశాడు. ఇన్నాళ్ళూ ఆ చెయ్యే వడ్డించిందని, అది అలా వణుకుతూనే వడ్డించిందని ఆయనకు అప్పుడే తట్టినట్టుంది.

అక్కణ్ణించి గబగబా తినడం మొదలుపెట్టాడు. పెద్ద పెద్ద ముద్దలు, నమిలీ నమలకుండా గుటకలు. గురువుగారు మెల్లిగా వారించారు. అలా మింగితే పుండు మళ్ళీ రేగుతుంది, నీ పద్ధతిలో నువ్వు తిను అన్నారు. అయితే ఆవిణ్ణి తినమనండి అని బతిమాలాడు విద్యాధరరావు. నువ్వే చెప్పుకో అన్నారు గురువుగారు. ఆయన చెప్పాడు. తోటకు వచ్చిన ఇన్నాళ్ళలో ఆయన ఆవిడతో కూర బాగుందనో ఉప్పు తగ్గించమనో తప్ప ఇంకో మాట మాట్లాడగా నేను వినలేదు. తినండమ్మా అన్నాడు. అప్పుడు నరసమ్మ తలెత్తి చూసింది. ఎవరినైనా కడిగిపారేసే ఆ నోట్లోంచి ఏం వస్తుందో అని మేమందరం ఎదురుచూశాం. ఆవిడ తన సొంత పిల్లాడికి చెప్పినట్టు చెప్పింది:

"పంక్తి లెగనీ బాబూ. నువ్వు మెల్లగా తిను, నాకేటి తొందర నేదు. నీ కడుపు మంచిది కాదు."

తిట్టినా బాగుండేది. విద్యాధరరావు ఇంకో ముద్ద కలిపాడు గాని నోటిదాకా తీసుకెళ్ళలేకపోయాడు. త్వరగా తింటే తన కడుపుకు చేటు, నెమ్మదిగా తింటే ఎదుటి మనిషికి చేటు. ఆ చెయ్యి విస్తరికీ నోటికీ మధ్య అలాగే ఉండిపోయింది. కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ ఆయన మీద మండిపడ్డవాణ్ణి, నాకు ఆ క్షణాన ఆయన మీద పట్టరానంత జాలి కలిగింది. అంతలో ఆయన ముద్ద విస్తట్లో వదిలేసి, రెండు చేతులూ నేలకు ఆనించి, లేచి నిలబడ్డాడు.

ఒకడు లేస్తే పంక్తి లేచినట్టే. గురువుగారు తన విస్తట్లో సగం అన్నం వదిలేసి లేచారు. అందరూ లేచారు. నేను అప్పుడే మజ్జిగన్నంలో ఆవకాయ ముక్క నంజుకోబోతున్నాను. వేలి కొసకు తగిలిన ముక్కను వదిలేసి లేవాల్సి వచ్చింది. సంతోషంగానే లేచాను, కాని లోపల ఆ ముక్క మీద మమకారం చావలేదు, ఉన్నమాట చెప్పుకోవాలి. పంక్తి మధ్యలో లేచిన మనిషికి ఆ రోజుకిక అన్నం లేదు. తన తిండే తనకు మందు అని నమ్మిన విద్యాధరరావు, ఆ మందు సగంలో వదిలేసి వసారా అంచున నిలబడ్డాడు. నరసమ్మ అన్నం పారేసినందుకు మా అందర్నీ వరసగా తిడుతూనే తినడానికి ఉపక్రమించింది. ఎలా తిన్నదనుకున్నారు? పప్పూ కూరా పులుసూ అన్నీ ఒకే కుప్పలో కలిపేసి, నమలకుండా ఎత్తి మింగడమే. విద్యాధరరావు దగ్గరికి వచ్చి, కాస్త నెమ్మదిగా తినండమ్మా అన్నాడు. నెమ్మదిగా తింటే ఇన్ని గిన్నెలు ఎవరు తోముతారని ఆవిడ విసుక్కుంది. ఆయన గిన్నెలు ఎత్తుకుని నూతి దగ్గరికి వెళ్ళాడు. తోమడం చేతకాక అరచేతులు గీరుకున్నాడు. నేను నీళ్ళు తోడిపెట్టాను.

మర్నాటి నుంచి వడ్డన నేను చేస్తానన్నాడు విద్యాధరరావు. నరసమ్మ ఒప్పుకోలేదు. నా వడ్డన నేను చేసుకోగలను, నాకింకా చేతులు పడిపోలేదు అంది. గురువుగారు ఆవిణ్ణి కూర్చోబెట్టి మాట్లాడారు. వడ్డించే చెయ్యి చివర తినాలన్నది నీ మాట, ఆ మాట ఎవరూ కాదనలేదు, ఇకనుంచి వడ్డించే చెయ్యి వాడిది, కాబట్టి వాడే చివర తింటాడు, నువ్వు పంక్తిలో కూర్చో అన్నారు. ఆవిడ ఎటు తిప్పి చూసినా ఆ మాటలో లొసుగు దొరకలేదు. సణుక్కుంటూనే వరస చివర కూర్చుంది. మొదటి రోజు విద్యాధరరావు పులుసు నేల మీద ఒలికించాడు, నాకు పప్పు వెయ్యడం మరిచిపోయాడు, ఆవిడ కూర్చున్నచోటునుంచే కేకలు పెట్టింది. అయినా ఆవిడ మాత్ర వేసుకున్న కాసేపటికే కడుపులో అన్నం పడింది. చెయ్యి వణకలేదు. మేం తడి చేతులతో లేచాం. ఆ తర్వాత విద్యాధరరావు ఒక్కడూ తన విస్తరి వేసుకున్నాడు. ఇప్పుడు ఆయన కోసం ఎవరూ కాచుకుని లేరు. సాయంత్రం దాకా నమిలినా అడిగేవాడు లేడు. ఎవరి దారి వాళ్ళకు దొరికింది, గొడవ వదిలిందని నేను హాయిగా కునుకు తీశాను.

వదలలేదు. నాలుగు రోజులైనా కాకముందే విద్యాధరరావు పాలిపోయిన మొహంతో గురువుగారి దగ్గరికి వచ్చాడు. నేను అక్కడే పాఠం చదువుకుంటున్నాను. మళ్ళీ ఏమొచ్చిందిరా దేవుడా అనుకుంటూ పుస్తకం మూశాను. సంగతేమిటంటే, ఆయన తినడానికి కూర్చోగానే నరసమ్మ వచ్చి ఎదురుగా చతికిలబడుతోందట. ఆకువక్క నములుతూ, ఆయన తినడం అయ్యేదాకా కదలదట. వెళ్ళి పడుకోండమ్మా అంటే, తినే మనిషిని ఒంటరిగా వదిలేసి పోతారా ఎక్కడైనా, మజ్జిగ కావలిస్తే ఎవరు పోస్తారు అంటోందట. మాట్లాడదు, తొందర పెట్టదు, ఊరికే కూర్చుంటుంది. ఆవిడ పొద్దుటినుంచీ పొయ్యి దగ్గర నిలబడిన మనిషి, నా మూలాన నడుం వాల్చకుండా కూర్చుందే అనిపిస్తోంది, ఇక నమలడం మీద ధ్యాస నిలవడం లేదు, ముద్ద దిగడం లేదు అని చెప్పుకొచ్చాడు. ఇన్నాళ్ళు కష్టపడి సంపాదించుకున్న నిదానమంతా పోయిందని గోల పెట్టాడు. వచ్చిన రోజు అడిగిన ప్రశ్నే మళ్ళీ అడుగుతున్నాను, ఈ ఒంటికీ మనసుకూ ఏ నియమం పెట్టుకోమంటారో ఇప్పుడైనా చెప్పండి అన్నాడు. ఆ గొంతులో విసుగు విని నాకు లోపల్లోపల కాస్త తృప్తిగా ఉంది. ఇన్నాళ్ళకు నా బాధ ఇంకొకడికి తెలిసింది.

గురువుగారు అంతా విన్నారు. ఈసారి ఆలోచించడానికి కూడా ఆగలేదు.

"ఆవిడ ఆకలితో గుమ్మంలో నిలబడినన్నాళ్ళూ నీకు చక్కగా అరిగింది. ఇప్పుడు కడుపు నిండా తిని ఎదురుగా కూర్చుంటే ముద్ద దిగడం లేదంటున్నావు," అన్నారు. తర్వాత ఆయన భుజం మీద చెయ్యి వేసి, "కంగారు పడకు నాయనా. నీకు నయమవుతోంది," అన్నారు.